రోహిణి కార్తె దాటాక మా అభిప్రాయం అడగండి

చేతితో ఎలక్ట్రిక్ గిటార్లు చేసి అమ్ముతున్న చిన్న వర్క్‌షాపుల యజమానులకు, అక్కడి పనివాళ్లకు నల్లగొండ నుంచి నమస్కారం.

నేను పద్దెనిమిదేళ్లుగా గిటార్ వాయిస్తున్నాను. ఆదివారం చర్చిలో వాయిస్తాను. పెళ్లిళ్ల సీజన్‌లో మిర్యాలగూడ, దేవరకొండ, సూర్యాపేట వైపు ఆర్కెస్ట్రాలకు వెళ్తాను. మిగతా రోజుల్లో సాయంత్రం పూట ఇంట్లోనే పిల్లలకు నేర్పుతాను. మీలాంటి ఒక వర్క్‌షాపులో నేనూ గిటార్ చేయించుకున్నాను. ఆ వర్క్‌షాపు పేరు ఇక్కడ రాయను. ఎవరి పొట్టా కొట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. పైగా ఇది ఒక్క గిటార్ సంగతి కాదు. నాకు తెలిసినవాళ్లలో ఇలా చేయించుకున్నవాళ్లు మరో నలుగురున్నారు. వాళ్లతో మాట్లాడాకే రాయడానికి కూర్చున్నాను.

అడగాల్సింది ముందే అడుగుతాను. గిటార్ పార్సిల్ అందిన వారానికే "ఎలా ఉందో నాలుగు మాటలు రాయండి" అని కొన్నవాళ్లకు మెసేజ్ పెట్టడం ఆపండి. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచాక అడగండి. అప్పుడు మేం రాసేదాన్నే మీ గిటార్ గురించి మా అభిప్రాయంగా చూపించండి.

నా గిటార్ డిసెంబర్‌లో వచ్చింది. చిట్టి ఎత్తి అడ్వాన్స్ కట్టి, ఏడు నెలలు ఎదురుచూశాను. పెట్టె తెరవగానే లక్క వాసన. పైన పులిచారల మేపుల్ చెక్క, లైటు కింద కాస్త తిప్పితే చారలు కదిలినట్టు కనపడేవి. మా పాప చేత్తో ముట్టుకుని "డాడీ, ఇది నిజంగా కట్టెనేనా?" అని అడిగింది. మూడో రోజున మెసేజ్ వచ్చింది. నేను వెంటనే రాసి పంపాను. నెక్, అంటే ఎడమచేత్తో పట్టుకునే పొడవాటి భాగం, నెయ్యిలా ఉందని, ఇంత నాణ్యమైన పని నేనెక్కడా చూడలేదని రాశాను. అబద్ధం రాయలేదు. ఆ రోజుకి అది నిజమే. ఆ మాటలు చూసి ఇంకో ఇద్దరు ఆర్డర్ పెట్టారని తర్వాత తెలిసింది. ఇప్పుడు నన్ను బాధపెడుతున్నది కూడా అదే.

ఏప్రిల్ రెండో వారంలో క్లాసులో ఒక అబ్బాయికి ఆ గిటార్ ఇచ్చాను. ఎఫ్ కార్డ్ నుంచి పైకి జారుతూ "సార్, కోసుకుంటోంది" అని చెయ్యి తీసేశాడు. చూపుడువేలి పక్కన సన్నని ఎర్రగీత. గిటార్ తీసుకుని నెక్ అంచు వెంట బొటనవేలు జరిపి చూశాను. నెక్ మీద అడ్డంగా దిగ్గొట్టిన సన్నని లోహపు పట్టీల్ని, అంటే ఫ్రెట్లని, మేం మెట్లంటాం. ప్రతి మెట్టు చివరా రంపం పన్నులా తగులుతోంది. డిసెంబర్‌లో అదే అంచు గాజులా నున్నగా ఉండేది. ఆ ఆదివారం చర్చిలో రెండోది బయటపడింది. రెండో తీగ మీద ఎనిమిదో మెట్టు దగ్గర జి స్వరం వాయిస్తే పలకకుండా "టక్" అని ఆగిపోయింది. జి స్కేల్‌లో పాట, ఆ స్వరం లేకుండా సగం పాట నడవదు. ఇంటికొచ్చి చూస్తే తొమ్మిదో మెట్టు సన్న తీగల వైపు లేచి ఉంది. కాగితం ముక్క దాని కిందికి దూరింది.

ఫోన్ చేశాను. "వాతావరణం వల్ల సార్, మా తప్పు కాదు" అన్నారు. వాతావరణమే, నిజం. కానీ గిటార్ నల్లగొండకు పంపుతున్నామని మీకు ముందే తెలుసు కదా. పార్సిల్ మీద అడ్రస్ రాసింది మీరే.

ఇక్కడ మే నెలలో 44, 45 డిగ్రీలు మాకు కొత్త కాదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు పెద్దలు. రోలే పగిలేచోట చెక్క ఎంత? పోయిన మేలో మధ్యాహ్నం నా గదిలో తేమ మీటరు 19 శాతం చూపించింది. సాయంత్రం కూలర్ వేస్తే రెండు గంటల్లో అదే మీటరు 60 దాటింది. గిటార్లకు 45 నుంచి 55 శాతం మధ్య తేమ మంచిదంటారు. మా ఇళ్లలో ఒక్క రోజులోనే గాలి దానికి అటు కిందికీ ఇటు పైకీ పోయి వస్తుంది. ఏసీ ఉన్న షోరూమ్‌లో పుట్టి ఏసీ ఉన్న స్టూడియోలో బతికే గిటార్లు వేరు. మా గిటార్లు ఆర్టీసీ బస్సు డిక్కీలో, డీసీఎం వెనకాల, ఫంక్షన్ హాలు రేకుల కింద బతుకుతాయి.

చెక్క పొడవునా దాదాపు కుదించుకుపోదు, అడ్డంగా కుదించుకుపోతుంది. ఈ సంగతి మీకు నేను చెప్పాల్సిన పని లేదు. ఫ్రెట్‌బోర్డు, అంటే నెక్ మీద మెట్లుండే చెక్క పలక, ఎండి అడ్డంగా కుదించుకుంటే దానిలో దిగ్గొట్టిన లోహపు మెట్టు మాత్రం కుదించుకోదు. అందుకే కొసలు బయటికొస్తాయి. కొలిస్తే ఒక్కో వైపు అర మిల్లీమీటరు కూడా ఉండదు. వేలు తెగడానికి అది చాలు. చెక్కను సరిగ్గా ఆరబెట్టి, ఆరాక కూడా కొన్నాళ్లు అలాగే ఉంచి, ఆ తర్వాతే గాట్లు కోసి మెట్లు దింపితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. మిగిలినదాన్ని కొసలు గుండ్రంగా అరగదీసి తప్పించొచ్చు. అంటే ఇది ఖరీదైన చెక్క సమస్య కాదు, తొందర సమస్య.

నా గిటార్‌ని బాగుచేసింది ఎవరో చెబుతాను. మా వీధి చివర అవుసులాయన, బంగారం పని చేస్తాడు. హైదరాబాద్ తీసుకెళ్లి ఇస్తే రెండు వారాలు అక్కడే ఉంచాలన్నారు. నాకేమో వరుసగా పెళ్లిళ్లున్నాయి. అందుకని ఆయన దగ్గరకు పట్టుకెళ్లాను. ఆయన గిటార్‌ని ఎప్పుడూ ముట్టుకోలేదు. ముందు కళ్లజోడు సవరించుకుని, నెక్‌ని వెలుతురుకు ఎత్తి బాణం చూసినట్టు చూశాడు. తర్వాత గోటితో ఒక్కో మెట్టు కొసా గీరుతూ పోయాడు. నేను చిన్న ఉక్కు స్కేలు తీసి మూడు మెట్ల మీద ఒకేసారి పెట్టి చూపించాను. ఎనిమిది, తొమ్మిది, పది. స్కేలు తూగుటుయ్యాలలా అటూ ఇటూ ఊగింది. "గీ నడుమది లేశింది" అన్నాడు. కొయ్య సుత్తితో రెండు దెబ్బలు మెల్లగా కొట్టి, గాటులోకి ఒక్క చుక్క పల్చటి గ్లూ వదిలి, కట్టె ముక్కతో అదిమి పట్టుకోమన్నాడు. అది ఆరేదాకా పట్టుకుని కూర్చున్నాను. తర్వాత చెక్కకు గీత పడకుండా టేపు అంటించి, అన్నిటికంటే సన్నని ఆకురాయి తీసి కొసలు అరగదీయడం మొదలుపెట్టాడు. ఇరవై రెండు మెట్లు, నలభై నాలుగు కొసలు. రెండున్నర గంటలు పట్టింది. మధ్యలో ఒక్కసారి తలెత్తి అన్నాడు: "మేం ముక్కుపుడక చేస్తే కొస ఇట్ల ఇడిశిపెట్టం సార్. తోలుకు తాకేది గదా."

మీకు ఈ ఉత్తరంలో ఆ ఒక్క మాట చేరినా నాకు చాలు. ముక్కుపుడక ఎంత బంగారంతో చేసిందన్నది కొన్న రోజు లెక్క. గుచ్చుకుంటుందా లేదా అన్నది రోజూ లెక్క. మీ ప్రకటనల్లో పికప్‌లో (తీగ కదలికను కరెంటు సంకేతంగా మార్చే భాగం) అయస్కాంతం ఆల్నికో రెండా ఐదా, చెక్క ఎక్కడిది, రంగు నైట్రో లక్కనా పాలీనా అన్నవన్నీ ఉంటాయి. మెట్ల కొసల గురించి ఒక్క ముక్క ఉండదు. మా పాలమూరు వైపు కిన్నెరకు పన్నెండు మెట్లు. 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగిలయ్య గారి చేతిలో దాన్ని దేశమంతా చూసింది. సొరకాయ బుర్రలు, వెదురు కర్ర. వాయించేవాడి వేలు ఆగే చోటు మెట్టే. మీ గిటార్ లక్ష రూపాయలదైనా వేలు ఆగేది అక్కడే.

ఇక కొన్నవాళ్ల సంగతి. మావాళ్ల తప్పూ ఉంది, దాచను. లక్ష దాకా పెట్టి, నెలల తరబడి ఎదురుచూసి, ఊళ్లో అందరికీ చూపించిన వస్తువులో లోపం ఉందని చెప్పడానికి నోరు రాదు. చెబితే మనల్నే తెలివితక్కువవాడంటారని భయం. రేపు అమ్ముకుందామంటే ధర రాదని ఇంకో భయం. మీతో ఫోన్లో మాట్లాడి మాట్లాడి స్నేహం కూడా కుదురుతుంది, చేసినవాడి మొహం గుర్తొస్తుంది, చెడ్డగా రాయబుద్ధి కాదు. నాకు తెలిసిన నలుగురిలో ముగ్గురి గిటార్లకు ఏదో ఒక ఇబ్బంది వచ్చింది. ఒకరి గిటార్‌లో తల దగ్గర తీగలు ఆనే చిన్న ముక్క (దాన్నీ నట్ అంటారు) గాట్లు లోతైపోయి, వేలు నొక్కకుండా మీటిన తీగ జివ్వుమంటోంది. ఒకరికి నెక్ వచ్చి బాడీలో కూర్చునే గుంతలో విజిటింగ్ కార్డు మడిచి పెట్టినా దూరేంత సందు. ఇంకొకరికి జాక్ దగ్గర టంకం ఊడిపోయింది. ముగ్గురూ మొదటివారంలో మెచ్చుకుంటూ రాశారు. తర్వాత ఒక్కరూ నోరు విప్పలేదు. ఇలాంటి మాటలు పోగేసి మీరు మీ నాణ్యతను ఎలా తెలుసుకుంటారు? మీకే నష్టం కదా.

మా అమ్మ పోచంపల్లి చీర కొంటే కొట్టులో మెచ్చుకోదు. "ఒక తడుపు కానీ, చెబుతా" అంటుంది. నేసినాయన కూడా "రంగు దిగితే పట్టుకురా అమ్మా" అనేవాడు. ఆయన తడుపుకు భయపడలేదు, ఎందుకంటే ఆయన పని తడుపును తలచుకునే మొదలవుతుంది. నూలుకు ముడులు బిగించి, అంటే చిటికి కట్టి, రంగులద్దేదంతా మగ్గం ఎక్కకముందే అయిపోతుంది. అక్కడ తప్పు జరిగితే తర్వాత ఎంత బాగా నేసినా దాగదు. గిటార్‌లోనూ అంతే. చెక్క ఆరబెట్టే దగ్గర తప్పు చేసి, పైన ఎంత మెరుపు పూసినా మేలో బయటపడుతుంది.

బాగా చేసేవాళ్లు లేరనడం లేదు. పాలమూరులో ఉండే మా దోస్తు ఒకడు వేరే వర్క్‌షాపులో చేయించుకున్నాడు. ఆర్డర్ తీసుకునేటప్పుడు వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న రంగు గురించి కాదు. "మీ ఊరెక్కడ? ఇంట్లో ఏసీనా, కూలరా?" అని అడిగారట. ఐదు చెక్క పట్టీలు అతికించిన నెక్ చేశారు. వేడిలో కాల్చి తేమ తీసేసిన రోస్టెడ్ మేపుల్ వాడారు. మెట్లు స్టెయిన్‌లెస్ స్టీలువి, కొసలు బియ్యపుగింజ కొసల్లా గుండ్రంగా ఉన్నాయి. చూడ్డానికి సాదా గిటార్, పులిచారలు లేవు. రెండు ఎండాకాలాలు చూసింది. మొన్న జూన్‌లో నేను వెళ్లినప్పుడు మొదటి మెట్టునీ చివరి మెట్టునీ ఒకేసారి నొక్కి, ఏడో మెట్టు దగ్గర తీగ కింద విజిటింగ్ కార్డు పెట్టి చూశాను. కార్డు తగిలీ తగలనట్టు దూరింది. పావు మిల్లీమీటరు అటూ ఇటూ. గిటార్ ఇచ్చేటప్పుడు రాసిచ్చిన కాగితంలోనూ అదే కొలత ఉంది. ఆ కాగితం వాడు ఇంకా కేసులోనే దాచుకున్నాడు. పన్నెండో మెట్టు దగ్గర తీగ ఎత్తు ఎంత, మెట్లకు వాడిన లోహం ఏ రకం, ఆ రోజు వర్క్‌షాపులో తేమ ఎంత, అన్నీ చేతిరాతతో ఉన్నాయి. అదీ నమ్మకమంటే.

ట్రస్ రాడ్ గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. నెక్ లోపల ఉండే ఈ ఉక్కు కడ్డీ తీగల లాగుడుకు ఎదురు నిలుస్తుంది. దాని నట్‌ని కాస్త తిప్పి నెక్ వంపు సరిచేసుకుంటాం. మాకు ఏడాదికి కనీసం మూడుసార్లు ఆ అవసరం వస్తుంది: చలి పోగానే, ఎండ ముదరగానే, వానలు పడగానే. మీలో చాలామంది అమెరికా గిటార్ల కంపెనీ ఫెండర్ 1950ల పద్ధతి అని చెప్పి ఆ నట్‌ని నెక్ మడమ వైపు, అంటే బాడీలో కూర్చునే కొస వైపు, పెడుతున్నారు. పావు చుట్టు తిప్పాలంటే తీగలన్నీ వదులు చేయాలి, నాలుగు స్క్రూలు విప్పాలి, నెక్ ఊడదీయాలి, తిప్పి మళ్లీ బిగించి ట్యూన్ చేసి చూడాలి. సరిపోకపోతే మళ్లీ మొదటినుంచీ. పాత రూపం మీద మీ ప్రేమను అర్థం చేసుకోగలను. కానీ లియో ఫెండర్ 1950లో నెక్‌ని స్క్రూలతో బిగించింది పని సులువు కావాలనే. పాడైతే మార్చుకోవచ్చని. ఆయన సులువు కోసం చేసినదాన్ని మీరు మాకు కష్టంగా మార్చకండి. దయచేసి ఆ నట్‌ని తల వైపుకు తెచ్చిపెట్టండి, లేదా మడమ దగ్గర విప్పకుండా తిప్పే చక్రం పెట్టండి. ఆ నట్‌ని తిప్పే తాళం కూడా గిటార్‌తోపాటే పంపండి. నాకు పంపలేదు, సైకిల్ షాపులో వెతుక్కున్నాను.

'చేత్తో చేసింది' అనే మాట మీదా నాకో అభిప్రాయముంది. ఆ మాటకు మేం డబ్బులు ఎక్కువిస్తున్నాం, సంతోషంగానే ఇస్తున్నాం. కానీ నెక్ కూర్చునే గుంతను యంత్రంతో కోస్తే సందు లేకుండా వస్తుందంటే యంత్రంతోనే కోయండి. మాకేం తక్కువైనట్టు అనిపించదు. మా ఉమ్మడి నల్లగొండ జిల్లా మనిషి చింతకింది మల్లేశం గారు, నేతకు ముందు నూలును చేత్తో తిప్పి చుట్టే పని చేసే, ఆసు పోసే యంత్రం చేశారు. చీరకు వేలసార్లు చేయి తిప్పి భుజాలు పడిపోయిన తల్లిని చూసి చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం వచ్చాక పోచంపల్లి చీరను చేనేత కాదని ఎవరూ అనలేదు. చెయ్యి ఎక్కడ కావాలో అక్కడ ఉంటే చాలు. బెర్లిన్‌లో పుట్టిన ప్లెక్ యంత్రం మెట్ల ఎత్తును కంప్యూటర్‌తో కొలిచి సమం చేస్తుంది, పెద్ద పెద్ద కంపెనీలు వాడుతున్నాయి. అది కొనే స్తోమత చిన్న వర్క్‌షాపులకు ఉండదని తెలుసు. అక్కడే కదా మీ చెయ్యి కావాల్సింది. బాడీ చెక్కడానికి మూడు రోజులు పెట్టి, మెట్లు సమం చేయడానికి ఒక గంట పెడితే ఆ చేతిపనికి అర్థం లేదు.

లోపలి వైరింగ్ గురించి ఎక్కువ చెప్పను. వెనక మూత విప్పితే నా గిటార్‌లో ఉత్త చెక్క కనపడింది. రాగి రేకు లేదు, వాహక పెయింటూ లేదు. ఒకే తీగచుట్ట ఉండే సింగిల్ కాయిల్ పికప్‌లకు 50 హెర్ట్జ్ గుయ్‌మనే మోత సహజమే, అది మీ తప్పనను. కానీ మేం వాయించేది సీరియల్ లైట్లు, జనరేటర్, ఎర్తింగ్ సరిగా లేని హాళ్ల మధ్య. మూడొందల రూపాయల రాగి టేపు వేసుంటే ఆ గుయ్‌మనే మోత పూర్తిగా పోకపోయినా, వీటి నుంచి వచ్చే కరకర చాలావరకు తగ్గేది. నేనే వేసుకున్నాను, తగ్గింది. లక్ష రూపాయల గిటార్‌లో ఆ మూడొందలు మిగుల్చుకోకండి.

గిటార్ అమ్మాక మొదటి ఏడాది లోపల ఒకసారి మెట్ల కొసలు, నెక్ వంపు ఉచితంగా సరిచేసి ఇవ్వండి. కొరియర్ ఖర్చు మేం పెట్టుకుంటాం. అంత దూరం పంపించడం కుదరదంటే, ఊళ్లో చేయించుకుంటే ఆ బిల్లులో ఎంత ఇస్తారో ముందే చెప్పండి. ఫొటోల్లో చెక్క చారలతో పాటు మెట్ల కొసలు దగ్గరగా తీసిన ఒక ఫొటో కూడా పెట్టండి. ఇక మా అభిప్రాయాలు మీరు చూపించేటప్పుడు, గిటార్ ఎన్ని నెలల కిందట కొన్నది, ఏ ఊళ్లో ఉంటోంది అన్నవి పక్కన రాయండి. బెంగళూరులో ఆరు వారాల గిటార్‌కూ, నల్లగొండలో రెండేళ్ల గిటార్‌కూ ఒకే మెప్పు ఇస్తే చదివేవాడు మోసపోతాడు. నా మాటలు చదివి ఆర్డర్ పెట్టిన ఆ ఇద్దరికీ నేను ఫోన్ చేసి జరిగింది చెప్పాను. నేను మొదట రాసింది తీసేసి, పదహారు నెలల తర్వాతి మాట పెట్టమని ఆ వర్క్‌షాపుకూ రాశాను. ఇంకా జవాబు రాలేదు.

ఇంత చెప్పినా ఆ గిటార్‌ని నేను అమ్మలేదు. అవుసులాయన చెయ్యి పడ్డాక అది మళ్లీ పలుకుతోంది. దాని గొంతు నాకిష్టం. నిదానమైన పాటల్లో నెక్ పికప్ మీద తీగ మీటితే ఆ నాదం సాగే తీరు నా దగ్గరున్న వేరే గిటార్‌లో రాదు. అది మీ చేతిపనే, కాదనను. మీలో ఎవరైనా మా ఎండకు ఒక గిటార్ ఏమవుతుందో దగ్గరగా చూడాలనుకుంటే నాది తీసుకెళ్లండి. మెట్లు విప్పుకుని చూడండి, చెక్క కొలుచుకోండి, పైసా అడగను. డిసెంబర్ మొదటి వారానికల్లా తిరిగిచ్చేయండి. క్రిస్మస్ పాటలకు నాకు ఆ గిటారే కావాలి.